పదో తరగతికీ సైటుకీ మధ్య మూడేళ్లు

నాలుగేళ్ల కిందట మా సైటులో ఒక బీముకు స్టీలు కడుతున్నారు. పొడవు 4.2 మీటర్లు, 150 మిల్లీమీటర్లకో రింగు, అంటే పొడవు కడ్డీలను చుట్టి పట్టుకునే వంచిన సన్న కడ్డీ. కొత్తగా చేరిన ఇంజినీరు ఫోన్‌లో భాగహారం చేసి 28 రింగులు తెమ్మన్నాడు. పక్కన బైండింగ్ వైరు అందిస్తున్న హెల్పర్ కుర్రాడు కాస్త జంకుతూనే, "29 కావాలి సార్, మొదట్లో ఒకటి పడుతుంది కదా" అన్నాడు. వాడన్నదే సరైన లెక్క. 28 అనేది రింగుల మధ్య ఖాళీల సంఖ్య. ఖాళీల కంటే రింగులు ఎప్పుడూ ఒకటి ఎక్కువే ఉంటాయి.

మధ్యాహ్నం అన్నాల దగ్గర కూర్చున్నప్పుడు ఏం చదివావని అడిగాను. పదో తరగతి. తప్పిన సబ్జెక్టు లెక్కలు. పదహారేళ్లకు ఊరి మేస్త్రీ వెంట పనిలోకి వచ్చాడు, అప్పటికి పందొమ్మిది. మూడేళ్లలో నాలుగు ఊళ్లు తిరిగాడు, చేతులు కాయలు కాచాయి, కానీ డ్రాయింగ్ కాగితం ఒక్కసారి కూడా చేతిలోకి తీసుకోలేదు. ఎవరూ ఇవ్వలేదు, అతనూ అడగలేదు.

నిర్మాణ రంగంలోకి పిల్లల్ని ఎలా రప్పించాలన్న మాట తరచుగా వినిపిస్తుంది. నా అనుభవంలో రప్పించాల్సిన అవసరమే లేదు, వాళ్లు వస్తూనే ఉన్నారు. మన దేశంలో వ్యవసాయం తర్వాత ఎక్కువ మందికి పని చూపించే రంగాల్లో ఇదొకటి. మహబూబ్‌నగర్ నుంచి, శ్రీకాకుళం నుంచి తరతరాలుగా మట్టి పనికీ తాపీ పనికీ వలస వెళ్తూనే ఉన్నారు. సమస్యల్లా వాళ్లు వచ్చే దారితోనే. పది తప్పితేనో, ఇంట్లో అప్పయితేనో, మేస్త్రీ దగ్గర నాన్న అడ్వాన్సు తీసుకుంటేనో వస్తారు. అలా వచ్చినవాడు పదేళ్లయినా గమేళా, అంటే మాలు తట్ట, మోస్తూనే ఉండే ప్రమాదం ఉంది. అదే తెలివి, అదే ఒళ్లు ఉన్న మరో పిల్లవాడు సరైన గుమ్మంలోంచి వస్తే ఐదారేళ్లలో సూపర్‌వైజర్ అవుతాడు. ఆ గుమ్మం ఎక్కడుందో, ఏ వయసులో తెరుచుకుంటుందో బడిలో ఉన్నప్పుడే తెలియాలి.

ముందు వయసు చిక్కు

అన్నిటికంటే ముందు ఈ ముడి విప్పుకోవాలి. పది పూర్తయ్యేసరికి పిల్లలకు పదిహేనో పదహారో వస్తాయి. చట్టం వైపు నుంచి చూస్తే, 2016లో బాల కార్మిక చట్టాన్ని సవరించాక 14 ఏళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదు. బడి అయ్యాక ఇంటి పనిలో సాయం చేయడం లాంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. 14 నుంచి 18 మధ్యవారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు కావాలంటే 18 నిండాలి, 60 దాటకూడదు, గడిచిన 12 నెలల్లో కనీసం 90 రోజులు నిర్మాణ పని చేసి ఉండాలి. 1996 చట్టాలతో మొదలైన ఏర్పాటు ఇది. కట్టడం ఖర్చులో 1 శాతం సెస్సుగా వసూలు చేసి, ఆ డబ్బుతో కార్మికులకు ప్రమాద సాయం, ప్రసూతి సాయం లాంటివి ఇస్తారు.

అంటే పదహారేళ్లకు సైటెక్కిన పిల్లవాడికి బోర్డు కార్డు ఉండదు. చాలాచోట్ల మస్టర్‌లో (హాజరు పట్టీలో) పేరు కూడా ఉండదు, లేదా అన్న పేరు మీద ఉంటుంది. పరంజా మీది నుంచి పడితే ఆ కాంట్రాక్టరు "వీడు మా దగ్గర పనిచేయలేదు" అంటాడు. పనిచేశాడని రుజువు చేసే కాగితం ఆ కుటుంబం దగ్గర ఉండదు. ఇలాంటి మాట నా చెవులతో విన్నాను, అందుకే గట్టిగా చెబుతున్నాను: 18 నిండకుండా పిల్లల్ని సైటులోకి పంపకండి, ఎంత తెలిసిన మేస్త్రీ అయినా సరే.

మరి పదిహేను నుంచి పద్దెనిమిది దాకా ఏం చేయాలి? పిల్లలు జారిపోయేది ఈ మూడేళ్లలోనే. కానీ ఐటీఐ చదువు ఏడాది లేక రెండేళ్లు. ఇంటర్ ఒకేషనల్ రెండేళ్లు. పాలిటెక్నిక్ డిప్లొమా మూడేళ్లు. సైటులో అడుగు పెట్టకూడని ఆ వయసుకు ఈ చదువులు అతికినట్టు సరిపోతాయి. మూడేళ్లు వృథా అవుతాయని తల్లిదండ్రులు భయపడతారు గానీ, ఆ మూడేళ్లు హెల్పర్‌గా గడిపినా చేతిలో మిగిలేది ఏమీ లేదని రింగుల లెక్క చెప్పిన ఆ అబ్బాయే సాక్ష్యం.

పని మూడు రకాలు

ఏ కోర్సు మంచిదని నన్ను అడిగేవాళ్లను ముందు నేనో ప్రశ్న అడుగుతాను. మీవాడికి ఏ పని ఇష్టం? సైటంటే అందరికీ ఇటుకలు, సిమెంటే కనిపిస్తాయి. లోపల మాత్రం మూడు రకాల పనులుంటాయి. మొదటిది చేతి పని: తాపీ, సెంట్రింగ్, రాడ్ బెండింగ్, ప్లంబింగ్, వైరింగ్, వెల్డింగ్, టైల్స్, పెయింటింగ్. రెండోది కొలత పని: సర్వే, డ్రాయింగు గీయడం, స్టీలు కటింగ్ లెక్కలు తీయడం, ఎంబీ (చేసిన పని కొలతల పుస్తకం) రాయడం, బిల్లులు చేయడం. మూడోది నడిపించే పని: సూపర్‌వైజర్, ఫోర్‌మన్, సైట్ ఇంజినీర్, కాంట్రాక్టర్.

ఎదుగుదల అంటే చేతి పని నుంచి కొలత పనికి, అక్కడి నుంచి నడిపించే పనికి వెళ్లడం. హెల్పర్ నుంచి మేస్త్రీ దాకా ఎవరైనా ఎక్కుతారు, కళ్లతో చూసి నేర్చుకోవచ్చు. ఆ పైన ఒకే ఒక్క మెట్టు దగ్గర వేల మంది ఆగిపోతారు. అది డ్రాయింగ్ చదవడం. గోడ ఎంత నిటారుగా కట్టినా, ప్లానులో ఆ గోడ ఎక్కడుందో తనంతట తాను చూసుకోలేని మేస్త్రీ ఇంజినీరు వచ్చేదాకా ఎదురుచూడాల్సిందే. కంపెనీలు ఫోర్‌మన్‌ను తీసుకునేటప్పుడు అడిగే మొదటి మాట, "డ్రాయింగ్ చూడటం వచ్చా?" అనే. బడి వయసులో ఈ ఒక్క విద్య పట్టుబడితే తర్వాత ఏ దారిలో వెళ్లినా ఆగిపోడు.

దారులు, వాటి లోతుపాతులు

ఐటీఐతో మొదలుపెడదాం. మనవాళ్లు దీన్ని తక్కువగా చూస్తారు, నిర్మాణ రంగానికి మాత్రం అందరికీ అందుబాటులో ఉన్న తలుపు ఇదే. ప్రవేశ పరీక్ష లేదు, పదో తరగతి మార్కులను బట్టి సీటు ఇస్తారు. వెల్డర్, వైర్‌మన్, కార్పెంటర్ లాంటి కొన్ని ట్రేడులకు ఎనిమిదో తరగతి పాసైనా చాలు. ఎలక్ట్రీషియన్, వైర్‌మన్, సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ రెండేళ్లు. ప్లంబర్, వెల్డర్, కార్పెంటర్ ఏడాది. తాపీ పనికి కూడా ఏడాది ట్రేడు ఉంది గానీ, అది ఉందన్న సంగతే చాలామందికి తెలియదు. ఎలక్ట్రీషియన్ సీటు దొరకలేదని వెనక్కి వచ్చేసిన పిల్లలకు పక్క గదిలో ఏముందో చెప్పేవాళ్లు ఉండరు.

వీటిలో నా ఓటు కట్టడాల డ్రాయింగులు గీయడం నేర్పే సివిల్ డ్రాఫ్ట్స్‌మన్‌కు. కారణం ఇందాక చెప్పినదే, ఇది నేరుగా కొలత పనిలోకి తీసుకెళ్తుంది. ప్రైవేటు ఆఫీసుల్లో ఆటోక్యాడ్ పని దొరుకుతుంది. 2019లో ఆంధ్రప్రదేశ్ గ్రామ సచివాలయాల కోసం 11 వేలకు పైగా గ్రామ సర్వేయర్ పోస్టులు భర్తీ చేయడానికి పూనుకున్నప్పుడు సివిల్ డిప్లొమా, బీటెక్ వాళ్లతో పాటు ఐటీఐ డ్రాఫ్ట్స్‌మన్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకూ అర్హత ఇచ్చారు. 2025లో తెలంగాణ లైసెన్స్‌డ్ సర్వేయర్ల శిక్షణకు దరఖాస్తులు పిలిచినప్పుడూ ఈ ట్రేడుకు చోటుంది. రెండేళ్ల ఐటీఐతో ఇంజినీరింగ్ పట్టభద్రుల పక్కన నిలబడే అవకాశం వేరే ట్రేడుల్లో అంత సులువుగా దొరకదు. ఇలాంటి నోటిఫికేషన్లు ఏటా వస్తాయన్న నమ్మకం మాత్రం పెట్టుకోవద్దు. వచ్చినప్పుడు అర్హత మన చేతిలో ఉండాలి, అంతవరకే.

ఐటీఐలతో నాకో దిగులు ఉంది, అది కూడా చెప్పేస్తాను. తెలంగాణలో 2024లో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్ భాగస్వామ్యంతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చడం మొదలుపెట్టారు. మంచి పనే, దాన్ని తప్పు పట్టను. అక్కడ కొత్తగా వచ్చిన కోర్సులు ప్రధానంగా రోబోటిక్స్, కంప్యూటరుతో నడిచే సీఎన్‌సీ యంత్రాలు, ఎలక్ట్రిక్ వాహనాల చుట్టూ ఉన్నాయి. ఇల్లు కట్టే పనికి మాత్రం అంత శ్రద్ధ, అంత డబ్బు రాలేదు. లేజర్ లెవెల్, సర్వేకు వాడే టోటల్ స్టేషన్, అల్యూమినియం సెంట్రింగ్ ఇప్పుడు పెద్ద సైట్లలో మామూలు వస్తువులు. వాటిని పిల్లలు ఐటీఐలోనే ముట్టుకుని చూడాలి కదా.

పాలిటెక్నిక్ దారి మూడేళ్లది. పాలిసెట్ రాయాలి, ప్రశ్నలన్నీ పదో తరగతి లెక్కలు, భౌతిక, రసాయన శాస్త్రాల నుంచే వస్తాయి. సివిల్ డిప్లొమా చేసినవాడు సూపర్‌వైజర్‌గా, జూనియర్ సైట్ ఇంజినీరుగా నేరుగా చేరతాడు, ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లవచ్చు. నేనూ డిప్లొమా నుంచి వచ్చినవాణ్నే. ఆ మూడేళ్లలో నాకు ఎక్కువగా పనికొచ్చింది ఏ థియరీ పేపరూ కాదు, చైన్ పట్టుకుని కాలేజీ మైదానమంతా తిరిగిన సర్వే ప్రాక్టికల్సే. అందుకే కాలేజీ ఎంచుకునేటప్పుడు సర్వే పరికరాలు పిల్లల చేతికి ఇస్తారా, బీరువాలో పెట్టి తాళం వేస్తారా అని సీనియర్లను అడిగి తెలుసుకోమంటాను.

ఐటీఐకి వెళ్తే చదువు అక్కడితో ఆగిపోతుందన్నది తల్లిదండ్రుల్లో బలంగా ఉన్న అపోహ. ఐటీఐ పూర్తి చేసి డిప్లొమా రెండో ఏడాదిలో చేరే దారి ఉంది, తెలంగాణలో దీనికి ఎల్‌పీసెట్ అనే పరీక్ష పెడతారు. అక్కడి నుంచి ఈసెట్, ఆపైన బీటెక్. కొంచెం చుట్టుదారే, కానీ మూసుకుపోయిన దారి కాదు.

ఇంటర్ ఒకేషనల్‌లో కన్‌స్ట్రక్షన్ టెక్నాలజీ కోర్సు ఉంది. ఇది కాలేజీని బట్టి ఉంటుంది. ప్రాక్టికల్స్ సరిగ్గా జరిగే చోట బాగుంటుంది, జరగని చోట రెండేళ్లు పుస్తకంలోనే గడిచిపోతాయి. చేరేముందు వర్క్‌షాపు గది చూడండి, దుమ్ము పట్టి ఉంటే సంగతి అర్థమైపోతుంది.

బ్లాక్‌బోర్డు మీది లెక్క సైటులో ఎక్కడుంటుంది

ఏడాదికి ఒకట్రెండు సార్లు మా మండలంలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు వెళ్తుంటాను. మొదట్లో ఉపన్యాసం ఇచ్చేవాణ్ని. వెనక బెంచీల్లో నిద్రపోయేవారు. తర్వాత నూలు తాడు, మేకులు, సంచిలో కాస్త సున్నం పట్టుకెళ్లడం మొదలుపెట్టాను.

గ్రౌండులో రెండు తాళ్లు కట్టి మూల తీయమంటాను. కంటితో చూసి ఇదే లంబకోణం అంటారు. అప్పుడు మూల నుంచి ఒక తాడు మీద మూడడుగుల దగ్గర, రెండో తాడు మీద నాలుగడుగుల దగ్గర గుర్తు పెట్టించి, ఆ రెండు గుర్తుల మధ్య టేపు పట్టిస్తాను. సరిగ్గా ఐదడుగులు రావాలి. ప్రతిసారీ నాలుగు అంగుళాలో ఆరు అంగుళాలో తేడా వస్తుంది. తాడు జరిపి ఐదడుగులు కుదిర్చాక వాళ్లంతట వాళ్లే పైథాగరస్ అంటారు. ఆ సిద్ధాంతం పేరు వినని మేస్త్రీ కూడా ఇంటికి ముగ్గు పోసేటప్పుడు ఇదే చేస్తాడని చెబితే, మేస్త్రీల పిల్లలు తలెత్తి చూస్తారు. ఆ చూపు కోసమే వెళ్తాను నేను.

తర్వాత నీళ్ల పైపు. పారదర్శకంగా ఉండే సన్నటి పైపులో నీళ్లు నింపి, రెండు చివర్లూ రెండు గోడల దగ్గర పట్టుకుంటే రెండు వైపులా నీటి మట్టం ఒకటే ఎత్తులో నిలుస్తుంది. గది నాలుగు మూలలకూ ఒకే మట్టం గుర్తు పెట్టడానికి ఇంతకంటే చవకైన పరికరం లేదు. ఒకసారి ఎంతసేపు చూసినా గుర్తులు కలవలేదు. తొమ్మిదో తరగతి అమ్మాయి పైపు పొడవునా వేలితో తడుముతూ వెళ్లి, మధ్యలో ఇరుక్కున్న గాలి బుడగను పట్టుకుంది. బుడగ పోయేదాకా పైపును కుదిపాక రెండు గుర్తులూ కలిశాయి. సైటులో కొత్త హెల్పర్లు ఇది తెలుసుకోవడానికి వారం పడుతుంది.

కడ్డీ బరువు లెక్క కూడా పిల్లలకు నచ్చుతుంది. మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని వర్గం చేసి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 ఎంఎం కడ్డీ అయితే 144ను 162తో భాగించాలి, 0.89 కిలో. 12 మీటర్ల పూర్తి కడ్డీ దాదాపు 10.7 కిలోలు తూగాలి. "మీ ఇంటికి స్టీలు దిగినప్పుడు మీరే తూకం చూడొచ్చు" అంటే లెక్కలంటే భయపడే పిల్లవాడు కూడా 8 ఎంఎంకు ఎంతో కట్టి చూస్తాడు. 0.395 వస్తుంది.

2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా, వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరుల వంటి స్థానిక పనివాళ్ల దగ్గర పిల్లలు నేర్చుకోవాలని చెప్పింది. కాగితం మీద ఇంత స్పష్టంగా ఉన్నది అమల్లో బొమ్మలు వేయడం, పాటల పోటీలతో ముగిసిపోకూడదు. ఊళ్లో కనీసం ఒక తాపీ మేస్త్రీ ఉంటాడు. ఆయనను ఒక్కరోజు "సార్" అని పిలిచి బడిలో నిలబెడితే, అదే బడిలో చదువుతున్న ఆయన కొడుకు ఏమనుకుంటాడో ఊహించండి. ఇప్పుడు జరుగుతున్నది దానికి పూర్తిగా విరుద్ధం. "చదవకపోతే తాపీ పనికి పోతావ్" అని తరగతి గదిలో తిడతాం. నాన్న చేసే పనిని తిట్టుగా విన్న పిల్లవాడు ఆ పనిలో పై మెట్లు ఉంటాయని ఎలా నమ్ముతాడు?

పద్దెనిమిది నిండాక

అప్రెంటిస్‌షిప్ గురించి మనవైపు తక్కువ తెలుసు. 1961 చట్టం కింద 30 మంది, అంతకంటే ఎక్కువ సిబ్బంది ఉన్న సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. 2019 నిబంధనలు చదువును బట్టి నెలకు కనీసం 5,000 నుంచి 9,000 రూపాయల స్టైపెండు నిర్ణయించాయి. "బయట హెల్పర్‌కు ఇంతకంటే ఎక్కువ వస్తుంది కదా" అని అడుగుతారు, నిజమే. అయితే హెల్పర్‌కు నేర్పాల్సిన బాధ్యత ఎవరి మీదా లేదు, అప్రెంటిస్‌కు ఉంది. ఒప్పందం ప్రభుత్వ పోర్టల్‌లో నమోదవుతుంది, ఎన్ని నెలలో, ఏం నేర్పాలో అందులో ఉంటుంది. ఆ ఏడాది తక్కువ డబ్బుతో గడవడం చాలా ఇళ్లకు కష్టమే, దాన్ని తేలిగ్గా తీసి మాట్లాడలేను. ఇంట్లో ఇంకెవరైనా సంపాదిస్తుంటే మాత్రం ఆ ఏడాది ఓర్చుకోమంటాను.

చదువు మధ్యలో ఆగిపోయి 18 దాటినవాళ్లకు స్వల్పకాల శిక్షణలు ఉన్నాయి. 1998లో హైదరాబాద్‌లో మొదలైన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్, మనం న్యాక్ అంటాం, తాపీ, రాడ్ బెండింగ్, ప్లంబింగ్, హౌస్ వైరింగ్, ల్యాండ్ సర్వే లాంటి వాటిలో సుమారు మూడు నెలల కోర్సులు నడుపుతోంది. జడ్చర్లలో ఎల్ అండ్ టీ వారి నైపుణ్య శిక్షణ కేంద్రం ఉంది. ఇలాంటి యార్డుల్లో చూడాల్సిన దృశ్యం ఒకటుంది. పొద్దున కట్టిన గోడను సాయంత్రం విప్పేస్తారు. గట్టి సిమెంటు లేకుండా మాలు కలుపుతారు కాబట్టి ఇటుకలు పగలకుండా ఊడివస్తాయి. మర్నాడు మళ్లీ అదే గోడ. తాడుకు కట్టిన గుండు వేలాడదీసి చూస్తే ఎంత ఒరిగిందో శిక్షకుడు సుద్దముక్కతో గోడ మీదే రాస్తాడు. సైటులో తప్పు కడితే తిట్లు పడతాయి, కూలి కోస్తారు. యార్డులో తప్పు కట్టడానికి అనుమతి ఉంది. నేర్చుకోవడానికి అది ఎంత పెద్ద సౌకర్యమో సైటులోనే నేర్చుకున్నవాళ్లను అడగండి.

మూడు నెలలతో ఎవరూ మేస్త్రీ అయిపోరు, ఆ మాట దాచకూడదు. హెల్పర్ స్థాయి దాటి అర్ధ మేస్త్రీగా అడుగుపెట్టడానికి పనికొస్తుంది.

ఇప్పటికే ఏళ్ల తరబడి చేస్తున్నవారికి, చేతిలో ఉన్న పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ అనే పద్ధతి ఉంది. వడ్డెరలు, సగరులు, విశ్వబ్రాహ్మణుల ఇళ్లలో తాత నుంచి వచ్చిన పనితనం ఏ కాగితం మీదా లేదు. అలాంటి ఇంటి పిల్లలకు ఈ మార్గం తెలియడం అవసరం. కాగితం ఒక్కటే సరిపోదన్నది కూడా నిజం. 2024 మొదట్లో ఇజ్రాయెల్ పనులకు రోహ్‌తక్‌లో, లఖ్‌నవూలో జనాన్ని ఎంపిక చేసినప్పుడు సెంట్రింగ్, ఐరన్ బెండింగ్, టైల్స్, ప్లాస్టరింగ్ అనే నాలుగు పనుల్లో అక్కడికక్కడే చేయించి చూసి తీసుకున్నారు. కాగితం గుమ్మం దాకా తెస్తుంది, లోపలికి తీసుకెళ్లేది చేతి పనే.

విదేశాల మాట వచ్చింది కాబట్టి పదో తరగతి పాసవడానికి ఉన్న ఇంకో విలువ చెప్పాలి. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ వైపు ఇళ్లలో ఇది బాగా తెలుసు, మిగతా చోట్ల తెలియదు. పది పాసవని కూలీకి ఈసీఆర్ (వలస తనిఖీ అవసరం అనే ముద్ర ఉన్న) పాస్‌పోర్టు వస్తుంది. గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే అతను ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఆ తనిఖీ కార్మికుడి రక్షణ కోసమే పెట్టింది, ఏజెంటు మాట విని దాన్ని తప్పించుకోవాలని చూడటం ప్రమాదం. పది పాసైనవారికి ఆ షరతే వర్తించదు. ఒక్క లెక్కల పేపరు తప్పి ఆగిపోయిన పిల్లలకు ఈ సంగతి చెప్పి సప్లిమెంటరీకి కూర్చోబెట్టాలి. వయసు దాటిపోతే రెండు రాష్ట్రాల్లోనూ ఓపెన్ స్కూల్ ఉంది.

ఆడపిల్లల సంగతి

మన సైట్లలో ఆడవాళ్లు లేరా అంటే ఉన్నారు, ఇసుక మోస్తూ, ఇటుకలు అందిస్తూ, గోడలకు నీళ్లు కొడుతూ. ఇరవై ఏళ్లు సైటులో గడిపినా ఆమె చేతికి తాపీ ఇవ్వరు. మగకూలి ఒక రేటు, ఆడకూలి ఇంకో రేటు అన్నది ఇప్పటికీ ఎవరికీ వింతగా అనిపించదు. ఆడవాళ్లకు ఆ పని చేతకాదనేవాళ్లకు జవాబు మన దేశంలోనే ఉంది. కేరళలో కుటుంబశ్రీ స్వయం సహాయక సంఘాల మహిళలు బృందాలుగా ఏర్పడి ఇళ్లు కట్టారు. ఝార్ఖండ్‌లో స్వచ్ఛ భారత్ మరుగుదొడ్లు కట్టిన మహిళలను రాణీ మిస్త్రీలని పిలుచుకున్నారు.

పైపులో బుడగ పట్టుకున్న అమ్మాయి వెళ్లేటప్పుడు నన్ను అడిగింది, "సర్వేయర్ పనికి మమ్మల్ని తీసుకుంటారా సార్?" అని. తీసుకుంటారు. గ్రామ సర్వేయర్లుగా, సచివాలయాల్లో ఇంజినీరింగ్ అసిస్టెంట్లుగా ఆడపిల్లలు పనిచేస్తున్నారు. డ్రాఫ్ట్స్‌మన్, సర్వే, బిల్లింగ్ పనుల్లో ఒంటి బలం అడ్డే కాదు. అడ్డొచ్చేది సైటులో మరుగుదొడ్డి లేకపోవడం, చీకటిపడ్డాక ఇంటికి చేరే బస్సు లేకపోవడం. అమ్మాయిల్ని ప్రోత్సహించాలని మాట్లాడే సంస్థలు ముందు ఆ రెండూ చూస్తే చాలు.

బడి ఏం చేయవచ్చు

పెద్ద పథకాలేమీ అక్కర్లేదు. పాలిసెట్ దరఖాస్తులు పది పరీక్షల కాలంలోనే వస్తాయి, ఆ హడావుడిలో మిస్సవుతాయి. కాబట్టి జనవరిలోనే చెప్పి, బడిలోనే దరఖాస్తులు నింపించాలి. ఐటీఐ ప్రవేశాలు ఫలితాల తర్వాత మొదలవుతాయి, అప్పటికి సెలవులు, పిల్లలు చెల్లాచెదురై ఉంటారు. ప్రతి పిల్లవాడి ఇంటి ఫోన్ నంబరు ఒక టీచరు దగ్గర ఉండి, ఫలితాలు వచ్చిన వారంలో ఫోన్ చేస్తే సగం మంది మేస్త్రీ వెంట వెళ్లకుండా ఆగుతారని నా నమ్మకం.

ఇంకొకటి, చిన్నదే గానీ ఏళ్ల తరబడి వెంటాడుతుంది. పదో తరగతి మెమోలో పేరు, ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ ఒకటిగా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉంటే అప్రెంటిస్ నమోదు దగ్గర, పాస్‌పోర్టు దగ్గర, సంక్షేమ బోర్డు దగ్గర ప్రతిసారీ తిప్పి పంపుతారు. పది పరీక్షకు నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసేవారి జాబితాలు, తయారయ్యే ముందే, తొమ్మిదో తరగతిలోనే సరిచూసుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

రింగుల లెక్క చెప్పిన అబ్బాయి ఆ ఏడాది లెక్కల సప్లిమెంటరీ రాశాడు. సాయంత్రాలు సిమెంటు బస్తాల గదిలో మా ఇంజినీరే కూర్చోబెట్టి చెప్పాడు. పాసయ్యాక ఐటీఐకి వెళ్తానంటే ఇంట్లో ఒప్పుకోలేదు. వాళ్ల నాన్న కూడా తాపీ మేస్త్రీయే. "నా కష్టం వీడికొద్దనే అనుకున్నాను, మళ్లీ ఇదే పనికి రెండేళ్లు చదువా?" అన్నాడాయన ఫోన్‌లో. ఆయన్ను రమ్మని సైటులో డ్రాయింగ్ బల్ల దగ్గర కూర్చోబెట్టాను. తాను ముప్పై ఏళ్లుగా కడుతున్న గోడలు కాగితం మీద ఎలా ఉంటాయో చాలాసేపు చూశాడు. కొడుకును డ్రాఫ్ట్స్‌మన్‌లో చేర్పించడానికి సంతకం పెట్టాడు.

ఇలాంటి నాన్నలు బడి మీటింగులకు ఎందుకు రారని హెడ్‌మాస్టర్లు నన్ను అడుగుతుంటారు. మీటింగు శనివారం పెడతారు. శనివారం పని మానితే ఆ రోజు కూలి పోతుంది. మా వైపు తాపీ పనివాళ్లు పనిలోకి రాని రోజు నెలకు ఒక్కటే, అమావాస్య. జనవరిలో వచ్చే అమావాస్య రోజు సాయంత్రం మీటింగు పెట్టి చూడండి.